సెల్యులర్ జైలుకు గంటన్నర సరిపోతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: డిసెంబరులో మీరు, మీ శ్రీమతి, పదేళ్ల పాప, డెబ్బై దాటిన మీ అమ్మగారు శంషాబాద్ నుంచి విమానంలో అండమాన్ వెళ్తున్నారు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కార్యక్రమంలో దిగిన రోజునే, మధ్యాహ్నం దాటాక, పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులర్ జైలుకు గంటన్నర కేటాయించి, ఆ వెంటనే లైట్ అండ్ సౌండ్ షో పెట్టారు. ఆ సమయం సరిపోతుందా, పాప భయపడుతుందా, అమ్మగారు అన్నీ తిరిగి చూడగలరా అని మీరు అడిగారు. పన్లో పనిగా, అక్కడ నిజంగా చూడవలసినవి ఏమిటో కూడా చెప్పమన్నారు. నేను హైదరాబాదులో చరిత్ర బోధిస్తూ, విద్యార్థులను, బంధువులను ఆ ద్వీపాలకు తీసుకువెళ్తూ వచ్చినవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

గంటన్నర చాలదు. అంతకన్నా ముఖ్యంగా, దిగిన రోజు దానికి తగిన రోజు కాదు. అండమాన్ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి, డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదు గంటల వేళకే పొద్దు గుంకుతుంది. తెల్లవారుజామున లేచి విమానం ఎక్కి, హోటల్లో సామాను పెట్టి, భోజనం చేసి జైలు చేరేసరికి వెలుతురు తగ్గుముఖం పట్టి ఉంటుంది, అమ్మగారు అలసిపోయి ఉంటారు, పాప సముద్రం గురించి అడుగుతూ ఉంటుంది. పైగా ఆ రోజు వచ్చిన బృందాలన్నీ అదే వేళకు అక్కడికి చేరుకుంటాయి. ఏజెంటుతో మాట్లాడి జైలును మరునాటి ఉదయానికి మార్పించండి, గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి, కనీసం మూడు గంటలు దానికే వదిలిపెట్టండి. మధ్యాహ్నం భోజన విరామానికి మూసివేస్తారు కనుక ఆలస్యంగా వెళ్తే మధ్యలోనే బయటికి రావలసి వస్తుంది. షో కూడా దిగిన రోజు వద్దు, జైలు చూసిన రోజు సాయంత్రమే పెట్టుకోండి. పగలు ఏ వరండాలో నడిచారో, ఏ గదిలో నిలబడ్డారో తెలిసిన తరువాత షోలో కథ చెప్పే గొంతులు వింటే అది మనసుకు పడుతుంది. ఏమీ చూడకుండా వింటే రంగుల దీపాలు మాత్రమే గుర్తుంటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ ద్వీపాలలో ఖైదీల చరిత్ర సెల్యులర్ జైలుతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అది మొదలై దాదాపు అర్ధ శతాబ్దం గడిచిన తరువాత గానీ ఆ భవనం పూర్తి కాలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వెళ్తే మీ ప్రయాణం తీరే మారిపోతుంది. అది తెలుసుకోవడానికి హైదరాబాదు వారికి దగ్గరలోనే ఒక చోటు ఉంది. బయలుదేరే ముందు ఒక ఆదివారం పాపను కోఠీకి తీసుకువెళ్లండి. మనం కోఠీ మహిళా కళాశాల అని పిలుచుకుంటూ వచ్చిన, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయంగా మారిన ప్రాంగణంలోనే నాటి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి నివాస భవనం ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మక్కా మసీదు మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో నగర ప్రజలు, రోహిల్లా సైనికులు కలిసి ఆ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్పులలో మరణించగా, ఆయన దేహాన్ని నగరానికి తెచ్చి అందరికీ కనబడేలా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష వేసి 1859లో అండమాన్‌కు పంపించారు. ఆయన తిరిగి రాలేదు, అక్కడే కన్నుమూశారు. కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరుతో రోడ్డు ఉంది, 1857 స్మారక స్తంభం ఉంది. రోజూ బస్సుల కోసం వాటి పక్కనే నిలబడే మనలో ఎంతమంది ఆ పేర్లు చదువుతామో అని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

మౌల్వీ అల్లావుద్దీన్ ఓడ దిగేనాటికి సెల్యులర్ జైలు లేదు. అంతకు ఏడాది ముందు, 1858 మార్చి 10న, జె.పి. వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో ఛాథం ద్వీపంలో దిగాడు. ఉత్తర భారతంలో తిరుగుబాటు చేసి పట్టుబడినవారిని ఉంచడానికి ప్రధాన భూమికి అందనంత దూరంలో ఒక చోటు కావలసి వచ్చింది, చుట్టూ సముద్రమే గోడగా సరిపోతుందని ప్రభుత్వం తలచింది. కాళ్లకు సంకెళ్లతో ఆ ఖైదీలే అడవి నరికారు, చిత్తడి నేలలు పూడ్చారు, తమను కాపలా కాసేవారికి ఇళ్లు కట్టారు. మలేరియాతో, ఆకలితో, స్థానిక ఆదివాసుల బాణాలతో ఎందరో పోయారు. పారిపోయి తిరిగి పట్టుబడినవారిలో 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఒకే రోజు ఉరి తీయించాడు. తమ అడవిని ఆక్రమిస్తున్నవారి మీద గ్రేట్ అండమానీ ఆదివాసులు 1859 మే నెలలో, నేటి పోర్ట్ బ్లెయిర్‌లో భాగమైన అబర్డీన్ దగ్గర యుద్ధానికి దిగారు. వారితో కలిసి బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే వచ్చి ఆ సంగతి బ్రిటిష్ వారికి చెప్పేయడంతో వారి దాడి విఫలమైంది. సముద్రపు ఒడ్డున దానికి ఒక స్మారకం ఉంది. అక్కడ కూడా ఒక నిమిషం ఆగండి, ఎందుకంటే ఖైదీల కథ చెప్పుకునేటప్పుడు ఆ నేల ఎవరిదో మనం తరచు మరచిపోతాం.

అండమాన్‌లో అసలు జైలు గోడలు మొదట లేచింది వైపర్ ద్వీపంలో. గొలుసులతో కట్టి పని చేయించే ఖైదీలను అక్కడ ఉంచేవారు, గుట్ట మీద ఉరికంబం ఉండేది. 1872 ఫిబ్రవరి 8న, అప్పటి వైస్రాయ్ లార్డ్ మేయో హోప్‌టౌన్ జెట్టీ దగ్గర పడవ ఎక్కబోతుండగా ఆయనను కత్తితో పొడిచి చంపిన ఖైదీ షేర్ అలీ అఫ్రిదీని తరువాత ఉరి తీసింది ఈ వైపర్ ద్వీపంలోనే. మన దేశ చరిత్రలో పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఆయన ఒక్కడే. ఆ హత్య జరిగిన చోటు, నేడు మౌంట్ మణిపూర్ అని పిలిచే మౌంట్ హారియట్ పాదం దగ్గర ఉంది. ఆ కొండకు 2021లో ఆ పేరు పెట్టడానికి కారణం కూడా ఖైదీలే: 1891 యుద్ధం తరువాత మణిపూర్ మహారాజు కులచంద్రను, ఆయన సహచరులను అక్కడే బందీలుగా ఉంచారు.

మరి ఇన్నాళ్లూ లేని సెల్యులర్ జైలు ఎందుకు కట్టారు? 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు వచ్చి పరిశీలించి, ద్వీపాంతరవాసమంటే నేరస్థులకు భయం పోయిందని తేల్చారు. కొన్నేళ్లు కష్టపడితే భూమి సాగు చేసుకునే వీలు, పెళ్లి చేసుకునే వీలు ఉండటంతో, దేశంలోని జైళ్లకన్నా అండమానే నయమనుకునేవారు తయారయ్యారని వారి అభిప్రాయం. అందుకే వచ్చినవారిని మొదట కొంతకాలం ఒంటరి గదిలో కఠినంగా ఉంచాలని సిఫారసు చేశారు. 1896లో పని ప్రారంభించి 1906లో పూర్తి చేశారు. రాజకీయ ఖైదీల కోసమే దాన్ని కట్టారని చాలామంది గైడ్లు చెబుతారు, అది సరికాదు. మొదట్లో దాని లక్ష్యం మామూలు ఖైదీ మనసును విరగ్గొట్టడం. అప్పటికే సిద్ధంగా ఉన్న ఆ యంత్రంలోకి 1909 తరువాత బ్రిటిష్ పాలనను ఎదిరించిన విప్లవకారులను, అంటే బెంగాల్‌లోని అలీపూర్ బాంబు కేసు వారిని, నాసిక్ కలెక్టరు హత్య కేసు వారిని, విదేశాల్లోని భారతీయులు పెట్టిన గదర్ పార్టీ వీరులను తోశారు.

ఈ దృష్టితో లోపలికి నడవండి. కట్టడం సైకిలు చక్రం చువ్వలలా ఉండేది: మధ్యలో గడియార స్తంభం వంటి కావలి బురుజు, దాని నుంచి ఏడు వైపులకూ మూడంతస్తుల బారు కట్టడాలు, అన్నిటిలో కలిపి దాదాపు 700 గదులు. ఇటుకలు బర్మా నుంచి తెచ్చారు. గది పొడవు సుమారు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు, వెనుక గోడకు చాలా ఎత్తులో ఒక చిన్న వెంటిలేటర్. ఇంతవరకు ఏ గైడైనా చెబుతాడు. మీరు స్వయంగా గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఒక బారు గదుల ముఖం ఎదుటి బారు వీపును చూస్తుంది. ఎవరూ ఎవరికీ ఎదురుపడరు, సైగ చేసే వీలు కూడా ఉండదు. వరండాలో నిలబడి ఎదుటి గోడను చూడమని పాపకు చెప్పండి, ఏం కనిపిస్తోందో ఆమెనే చెప్పమనండి. రెండవది, తలుపు గడియ. చువ్వల తలుపుకు ఉన్న గడియ పక్క గోడలో చేసిన గూటిలోకి వెళ్లి, లోపల ఉన్న మనిషి చేయి ఎంత చాచినా అందని దూరంలో పడుతుంది. ఖాళీగా ఉన్న గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, చేయి బయటికి పెట్టి చూడండి. రెండు వందల పేజీల పుస్తకం చెప్పలేనిది ఆ చేయి చెబుతుంది. ఆ క్షణంలో దయచేసి చువ్వలు పట్టుకుని నవ్వుతూ ఫోటోలు దిగకండి. నేను విద్యార్థులకు గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే.

ప్రాంగణంలోని పనిశాలలో గానుగ నమూనా ఉంది. ఎద్దులు తిప్పే గానుగకు మనుషులను కట్టి, రోజుకు 30 పౌండ్లు, అంటే పదమూడు కిలోలకు పైగా, కొబ్బరినూనె తీయమనేవారు. కొలత తగ్గితే కొరడా దెబ్బలు, బేడీలు వేసి గోడకు నిలబెట్టడం, గోనెగుడ్డ బట్టలు. గానుగ పని లేనివారికి కొబ్బరి పీచు దంచే పని. 1912లో ఇందుభూషణ్ రాయ్ అనే రాజకీయ ఖైదీ ఈ బతుకు భరించలేక గదిలోనే ఉరి వేసుకున్నాడు. అదే ఏడు, అలీపూర్ కేసులో శిక్ష పడిన ఉల్లాస్కర్ దత్‌కు హింస వల్ల మతి చలించింది. 1933 మే నెలలో రాజకీయ ఖైదీలు మనుషులుగా చూడమంటూ నిరాహార దీక్ష మొదలుపెడితే, బలవంతంగా పాలు పోసే ప్రయత్నంలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర మరణించారు. దీక్ష తరువాతే వారికి పుస్తకాలు, వెలుతురు, కాస్త మెరుగైన భోజనం దక్కాయి. 1937లో మరో పెద్ద దీక్ష జరిగింది. దేశమంతటా గొడవ లేవడంతో 1938 నాటికి రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి పంపించారు. జైలు ఎదుటి ఉద్యానవనంలో ఇలా ప్రాణాలిచ్చినవారి విగ్రహాలున్నాయి. లోపల వాళ్ల కథ తెలుసుకున్నాక, బయటికి వచ్చేటప్పుడు వాటిని చూడండి.

సందర్శకులలో ఎక్కువమంది మెట్లెక్కి నేరుగా పై అంతస్తు చివరన, 1911 నుంచి 1921 వరకు వినాయక్ దామోదర్ సావర్కర్ ఉన్న గది దగ్గరికి వెళ్తారు. తప్పక చూడవలసిందే. ఆయన అన్న గణేశ్ కూడా ఇదే జైలులో ఉన్నా, చాలాకాలం వరకు తమ్ముడికి ఆ సంగతే తెలియలేదంటే, ఇందాక చెప్పిన కట్టడపు ఏర్పాటు ఎంత పకడ్బందీదో అర్థమవుతుంది. అయితే ఆ ఒక్క గది చూసి దిగివస్తే మిగిలిన గదులకు అన్యాయం చేసినట్లే. మధ్య బురుజులో ప్రాంతాలవారీగా ఖైదీల పేర్లు చెక్కిన పాలరాతి ఫలకాలు ఉన్నాయి. బెంగాల్ ఫలకాలు గోడలు నింపేస్తాయి, పంజాబ్ పేర్లూ ఎక్కువే. మద్రాసు ప్రెసిడెన్సీ పేర్ల దగ్గర ఆగండి, మన తెలుగువారు ఉండేది అక్కడే. అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యంలో పోరాడిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, స్వతంత్ర భారతదేశపు తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. ఈ ఒక్క జీవితం చెబితే చాలు, పాపకు ఆ జైలు మన సొంత విషయమవుతుంది.

ఇంకో అధ్యాయాన్ని గైడ్లు సాధారణంగా దాటేస్తారు. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు వరకు ఆ ద్వీపాలు జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ అక్కడ జెండా ఎగురవేశారు, ఈ జైలునూ చూశారు. అదే కాలంలో అదే గదులలో జపాన్ వారు గూఢచారులన్న అనుమానంతో ద్వీపవాసులను బంధించి చిత్రహింసలు పెట్టారు. ద్వీపంలో వైద్యుడిగా పనిచేసిన పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్ 1944 జనవరిలో అలాగే మరణించారు. ఆ నెలాఖరున హమ్‌ఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి చంపారు. ఏడు బారులలో ఇప్పుడు మిగిలినవి మూడే. కొన్ని జపాన్ కాలంలో, కొన్ని స్వాతంత్ర్యం తరువాత కూల్చారు, ఆ స్థలంలో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. అక్కడ శిక్ష అనుభవించి బతికి బయటపడ్డవారు పట్టుబట్టకపోతే ఇవీ మిగిలేవి కావు. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

పాప విషయం. ఉరికంబం గదిలో ఒకేసారి ముగ్గురిని ఉరి తీసే ఏర్పాటు, తాళ్లతో సహా కనబడుతుంది, ఆవరణలో కొరడా దెబ్బలు తినే ఖైదీ బొమ్మ ఉంది. పదేళ్ల వయసుకు ఇవి బరువైన దృశ్యాలే, కానీ దాచవలసినవి కావు. ముందు రోజు రాత్రి, అక్కడ ఏమేమి కనబడతాయో, అవి ఎందుకు అక్కడ ఉన్నాయో ప్రశాంతంగా చెప్పి ఉంచండి. పిల్లలను భయపెట్టేది ఆ దృశ్యం కాదు, హెచ్చరిక లేకుండా ఎదురుకావడం. ఉరికంబం గది దగ్గర పాప వద్దంటే బలవంతం చేయకండి. షో హిందీలోను, ఇంగ్లీషులోను ఉంటుంది. మన హైదరాబాదు పిల్లలకు హిందీ ప్రదర్శన బాగానే అర్థమవుతుంది, గొంతులోని ఆర్ద్రత కూడా అందులోనే ఎక్కువ. డిసెంబరులో టికెట్లు తొందరగా అయిపోతాయి కనుక ముందే తీసుకోండి. ఆరుబయట కూర్చోవాలి కాబట్టి గొడుగులు, దోమల మందు దగ్గర ఉంచుకోండి. జాతీయ సెలవు దినాలలో జైలు మూసి ఉంటుంది, మీ తేదీలు దానికి తగలకుండా చూసుకోండి.

అమ్మగారి విషయంలో చెప్పవలసింది: చిత్ర ప్రదర్శనశాలలు, పనిశాల, ఉరికంబం, కింది అంతస్తు గదులు అన్నీ నేల మీదే ఉన్నాయి. పై అంతస్తులకు, బురుజుకు మాత్రం మెట్లే దారి. కింది గది, పైగది ఒకే కొలతలో ఉంటాయి కనుక ఆవిడ కోల్పోయేది పెద్దగా లేదు. మీరు పైకి వెళ్లినప్పుడు ఎవరో ఒకరు ఆవిడతో చెట్టు నీడన కూర్చోండి. చుట్టుపక్కల తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోకండి. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు, వారిలో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవారు ఎక్కువ. ఆటో డ్రైవరుతోనో, అబర్డీన్ బజారులో దుకాణదారుతోనో అమ్మగారు మాట కలిపితే, గైడు చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి.

జైలు చూసిన మధ్యాహ్నం, ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పిలిచే రాస్ ద్వీపానికి వెళ్లండి. వాటర్ స్పోర్ట్స్ జెట్టీ నుంచి పడవలో కొద్ది నిమిషాల దూరమే. ఛాథంలో మంచినీళ్లు చాలక వాకర్ తన స్థావరాన్ని మార్చింది అక్కడికే. ఆ తరువాత అధికారుల బంగళాలు, చర్చి, రొట్టెల బట్టీ, నాట్యశాల, అన్నీ ఖైదీల చెమటతోనే లేచాయి. 1941 భూకంపం తరువాత అది పాడుబడిపోయింది, ఇప్పుడు గోడలను మర్రి వేళ్లు పట్టుకుని ఉన్నాయి. ఎదురుగా ఒడ్డున జైలు కనబడుతుంది. రెండింటినీ ఒకే రోజు చూస్తేనే, ఏ సుఖం ఏ కష్టం మీద నిలబడిందో తెలుస్తుంది. లోపల తిరగడానికి బ్యాటరీ బండ్లు ఉంటాయి కనుక అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. ఛాథంకు వంతెన ఉంది, పడవ అక్కరలేదు. 1883లో మొదలైన రంపపు మిల్లు చూస్తూ, మొదటి 200 మంది దిగింది ఇక్కడే అని పాపకు చెప్పండి.

వైపర్ ద్వీపం పడవలు వాతావరణాన్ని, అనుమతులను బట్టి నడుస్తాయి. కార్యక్రమంలో దాన్ని చివరి రోజుకు నెట్టకండి, మొదటి రోజుల్లోనే పెట్టుకుంటే ఒక రోజు రద్దయినా మరునాడు వెళ్లే వీలుంటుంది. అందుకోసం ఏజెంటు పట్టికలోని బీచ్‌లలో ఒకదాన్ని వదులుకోవలసి వస్తే వదులుకోండి. టికెట్లకు, పడవలకు గుర్తింపు కార్డులు అడుగుతారు కనుక పాప ఆధార్‌తో సహా నలుగురివీ ఒకే సంచిలో పెట్టుకోండి. టికెట్లలో, పటాలలో ఊరి పేరు శ్రీ విజయపురం అని ఉంటే కంగారుపడకండి, 2024 సెప్టెంబరు నుంచి పోర్ట్ బ్లెయిర్ పేరు అదే.